మిషన్ మీద వంగే నడుముకు జీన్స్ గుడ్డ కట్టు

అనంతపురం జిల్లా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఇళ్ళల్లో నడుం నొప్పి లేని మనిషిని వెతికి పట్టుకోవాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా మిషన్ మీదికి వంగే ఉంటాం. పండగ ఆర్డర్లు ఉంటే రాత్రి కూడా. చేను పనికి పోయేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. వేరుశనగ పీకే రోజుల్లో మా అత్త ఇంటికొచ్చాక నిటారుగా నిలబడడానికే కాసేపు పట్టేది.

మెడికల్ షాపులో దొరికే ఎల్.ఎస్. బెల్టు, అంటే నడుం నొప్పికి చుట్టుకునే ఎలాస్టిక్ పట్టీ, మా ఇంట్లోనూ ఉంది. కొందరికి అది బాగానే పనిచేస్తుంది. నాకు మాత్రం కూర్చున్నప్పుడల్లా పైకి ముడుచుకునేది. ఏప్రిల్, మే నెలల ఎండకు ఆ ఎలాస్టిక్ కింద చర్మం కందిపోయేది. దాని వెల్క్రో చీర పోగుల్ని పట్టి లాగేది. గుడ్డ ఇంట్లోనే ఉంది, మిషన్ ఇంట్లోనే ఉంది, ఇంకెందుకని నా కొలతలకు నేనే ఒకటి కుట్టుకున్నాను. తర్వాత అత్తకు, వదినకు, వీధిలో అడిగినవాళ్ళకు. ఎలా కుట్టాలో ఇక్కడ చెబుతున్నాను. బ్లౌజు కుట్టడం వచ్చినవాళ్ళు ఇది కుట్టగలరు.

ఇంగ్లీషు సినిమాల్లో దొరసానులు ఊపిరాడకుండా బిగించుకునే కార్సెట్ ఉంటుంది కదా, కుట్టే పద్ధతి అదే. మన ఉద్దేశం వేరు. నడుం సన్నగా కనిపించాల్సిన పని లేదు. పొట్ట చుట్టూ ఒకే రకంగా మెత్తని ఒత్తిడి ఉంటే వెన్నుకు ముందువైపు నుంచి కొంచెం ఆసరా దొరుకుతుంది. వెనక నిలువుగా ఉండే బద్దల వల్ల నడుం దగ్గర చటుక్కున వంగలేం, మోకాళ్ళు మడిచి కూర్చుని బరువు ఎత్తుతాం. అంతకంటే మాయ ఏమీ లేదు. ఎంత బిగిస్తే అంత ఊతం అనుకునేవాళ్ళు చాలామంది. అది తప్పు. కట్టు కింది అంచు తుంటి ఎముకల మీద కుదురుగా కూర్చోవాలి, బద్దలు వెన్నెముకకు రెండు పక్కలా నిలబడాలి. ఈ రెండూ కుదిరితే వదులుగా కట్టుకున్నా పనిచేస్తుంది. కుదరకపోతే ఎంత బిగించినా జారుతుంది.

ఎవరు కట్టుకోకూడదు

గుడ్డ కత్తిరించే ముందే ఇది చదవండి. నొప్పి పిరుదు నుంచి కాల్లోకి దిగుతున్నా, కాలు తిమ్మిరెక్కుతున్నా, పాదం బలం తగ్గి చెప్పు జారిపోతున్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా, జ్వరంతో పాటు నడుం నొప్పి ఉన్నా, బరువు ఊరికే తగ్గిపోతున్నా కట్టుతో కాలయాపన చేయవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అనంతపురం, కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎముకల డాక్టర్ల ఓపీ ఉంది. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, మర్మాంగాల దగ్గర స్పర్శ తెలియకపోయినా అదే రోజు, అదే గంటలో వెళ్ళాలి. అది నరాలు నొక్కుకుపోతున్న గుర్తు కావచ్చు.

గర్భిణులు, కడుపు ఆపరేషన్ అయ్యి ఎక్కువ కాలం కానివాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు, తిన్నది గొంతులోకి ఎగదన్నేవాళ్ళు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు. ఇంకో మాట. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళు ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగి వెన్ను బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు కూడా నడుం నొప్పనే చెబుతారు. వాళ్ళది వేరే సమస్య. గుడ్డ కట్టి దాన్ని సరిచేయలేం. ముసలివాళ్ళ ఎముకలు గుల్లబారినా అంతే, ముందు పరీక్ష చేయించండి.

గుడ్డ, బద్దలు, హుక్కులు

పైగుడ్డకు మందంగా ఉన్న, అసలు సాగని జీన్స్ గుడ్డ కావాలి. ఇప్పుడు వచ్చే జీన్స్‌లో చాలావాటికి లైక్రా కలిసి ఉంటుంది. అడ్డంగా పట్టి గట్టిగా లాగండి. రబ్బరులా సాగి వెనక్కి పోతే దాన్ని పక్కన పెట్టండి. సాగే గుడ్డతో కుట్టిన కట్టు నెల తిరక్కుండా వదులవుతుంది. మా ఊళ్ళో జీన్స్ కుట్టే యూనిట్లలో మిగిలిన ముక్కలు దొరుకుతాయి. వేరే ఊళ్ళ వాళ్ళు ఖాకీ డ్రిల్లు గుడ్డ కొనుక్కోవచ్చు, లేదా ఇంట్లో మగవాళ్ళ పాత కాటన్ జీన్స్ ప్యాంటు కాళ్ళు విప్పి వాడుకోవచ్చు. మోకాళ్ళ దగ్గర అరిగిన భాగం మాత్రం వదిలేయాలి. విదేశాల్లో ఈ పనికి కౌటిల్ అని దగ్గరి నేతతో ప్రత్యేకంగా గుడ్డ నేస్తారు. మనకు డ్రిల్లు చాలు. 58 అంగుళాల పన్నా అయితే అర మీటరు సరిపోతుంది.

లోపలికి నూలు గుడ్డ, కొత్త దుప్పటి గుడ్డ అంత దళసరిది, ముప్పావు మీటరు. పాలిస్టర్ లైనింగ్ వద్దే వద్దు. ఇక్కడి ఎండకు చెమటకాయలు లేస్తాయి. రెండు గుడ్డల్నీ ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. నీలం జీన్స్ అయితే నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకండి. లేకపోతే తెల్ల లంగా మీద, నడుం మీద నీలం దిగుతుంది.

బద్దల గురించి అందరూ అడుగుతారు. పాతకాలంలో తిమింగలం నోట్లోని పలకల్ని చీల్చి వాడేవారు, తర్వాత ఉక్కు బద్దలు వచ్చాయి. స్టీలు బద్దలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొనగలిగితే మంచివే. నేను వాడేది ఎలక్ట్రికల్ అంగడిలో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు. 7.6 మిల్లీమీటర్ల వెడల్పు, అడుగు కంటే పొడవు ఉన్నవి తీసుకోండి. వైర్లు కట్టే సన్న టైలు పనికిరావు, ఒక్కరోజుకే వంగిపోతాయి. ఒక కట్టుకు పదహారు పడతాయి, ఇరవై తెచ్చుకోండి. బేళ్ళకు చుట్టి వచ్చే ఇనుప పట్టీలను కత్తిరించి పెడతామని కొందరంటారు. ఆ అంచులు కత్తిలాంటివి, పైగా చెమటకు తుప్పు పడతాయి. వెదురు బద్దలు విరిగితే గుచ్చుకుంటాయి. రెండూ వద్దు.

ముందువైపు తీసి పెట్టుకోవడానికి ప్యాంటు హుక్కులు, అంటే ప్యాంటు నడుము పట్టీకి వేసే వెడల్పాటి హుక్కు, కడ్డీ జతలు, చేత్తో కుట్టే రకం ఆరు జతలు. బ్లౌజు హుక్కులు ఆగవు. జిప్పు వేయొచ్చు గానీ కూర్చున్నప్పుడు మెలిక పడి పొట్టకు గుచ్చుకుంటుంది. వెనక బిగించడానికి ఐలెట్లు, అంటే నాడా దూర్చే రంధ్రాలకు వేసే రింగులు, కింద వాషర్ ఉండేవి, ఇరవై రెండు. వాటిలోంచి దూర్చడానికి గట్టి నాడా ఆరు మీటర్లు. నడుము గీత వెంట లోపల వేయడానికి అర అంగుళం వెడల్పున్న నూలు టేపు ఒక మీటరు. అంచులకు క్రాస్ పట్టీ.

కొలతలు

బనియన్ మీద కొలవండి. అన్నిటికంటే ముందు నడుము గీత ఎక్కడుందో తెలియాలి. నాడా ఒకటి వదులుగా కట్టుకుని రెండు పక్కలకూ వంగండి. అది పోయి ఎక్కడ కూర్చుంటే అదే గీత, చీర కట్టుకునే చోటు కాదు. మనలో చాలామంది చీర దానికి కిందే కడతాం. ఆ నాడా అలాగే ఉంచుకుని మూడు చుట్టుకొలతలు తీసుకోండి: రొమ్ము కింద, నడుము గీత మీద, గీతకు నాలుగు అంగుళాల కింద తుంటి చుట్టూ. పొట్ట లోపలికి పీల్చుకోవద్దు.

ఎత్తు కొలవడానికి కుర్చీలో కూర్చోండి. ముందువైపు రొమ్ము కింద ఒక అంగుళం వదిలి, తొడ మడత దాకా కొలిచి, అందులో ఇంకో అంగుళం తీసేయండి. చాలామందికి తొమ్మిది అంగుళాల దగ్గర వస్తుంది. వెనక భుజం పలకల కింద నుంచి పిరుదుల గీత మొదలయ్యేచోటికి కొంచెం పైదాకా, దాదాపు పదకొండున్నర. వెనక ఎక్కువ, ముందు తక్కువ. ఈ తేడా లేకుండా చుట్టూ ఒకే ఎత్తు కుడితే కూర్చున్న ప్రతిసారీ ముందు అంచు పక్కటెముకల్ని పొడుస్తుంది.

మా వదిన కొలతలతో లెక్క చెబుతాను. రొమ్ము కింద 33, నడుము 34, తుంటి 38. వెనక నాడాతో బిగించే రెండు అంచుల మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉండాలి, అది అన్నిటిలోంచీ తీసేయాలి. నడుము దగ్గర మాత్రం ఒక అంగుళం బిగువు కోసం ఇంకా తీయాలి. మిగిలేది 31, 31, 36. అందులో సగం, అంటే ఒక పక్కకు 15.5, 15.5, 18.

ఒక్కో పక్కకు నాలుగు ముక్కలు. వీటి వెడల్పులు పైన, నడుము దగ్గర, కింద వరుసగా ఇలా వస్తాయి. ముందు ముక్క 3.5, 3.5, 3.5. దాని పక్కది 4, 4, 4.75. మూడోది 4, 4, 5.25. వెనకది 4, 4, 4.5. తుంటి వెడల్పంతా పక్క ముక్కల్లోకే పోయింది చూడండి. ముందు ముక్క తిన్నగా ఉండాలి, దాని కింద వెడల్పు పెంచితే పొట్ట దగ్గర ఉబ్బుగా నిలబడుతుంది. మీ కొలతలు వేరైనా తేడాను ఎక్కువగా మూడో ముక్కలో, తర్వాత రెండో ముక్కలో పెట్టండి. నడుము సన్నగా ఉండి పైన వెడల్పు ఉన్నవాళ్ళకు కూడా అంతే, నడుము దగ్గర తగ్గించాల్సింది పక్కలలోనే.

న్యూస్ పేపర్ మీద మూడు అడ్డ గీతలు గీసి ఈ వెడల్పులు పెట్టి కలపండి. ప్రతి ముక్క మీదా నడుము గీత గుర్తు ఉండి తీరాలి, నంబరూ ఉండాలి. కుట్టేటప్పుడు ఏది తలకిందులో తెలియక తికమక పడతారు. పక్క కుట్లకు అర అంగుళం వదలండి. ఎడమవైపు ముందు ముక్కకు మాత్రం మధ్య గీత దాటి ఒకటిన్నర అంగుళం అదనపు పట్టీ, దానికి తోడు కుట్టుకు అర అంగుళం ఉండాలి. హుక్కుల కింద చర్మం నలగకుండా కాపాడేది ఆ పట్టీయే.

రఫ్ కుట్టు

అసలు గుడ్డకు కత్తెర పెట్టకముందు పాత దుప్పటితో ఒకటి కుట్టి చూసుకోవాలి. ఈ పని విసుగని వదిలేసేవాళ్ళే ఎక్కువ. నన్నడిగితే కట్టు మొత్తంలో అసలు పని ఇదే. మిగతాదంతా జీన్స్ కుట్టడంలాంటి మామూలు పని.

పెద్ద పెద్ద కుట్లతో ముక్కలు కలిపి, వెనక ఖాళీ దగ్గర రెండు అంచులనూ నాలుగు చోట్ల గుడ్డ పేలికలతో కట్టి, ముందు పిన్నులు పెట్టండి. వేసుకునే మనిషి ఒక్కతే చూసుకోలేదు, ఇంకొకరు ఉండాలి. మా వదినకు చూసినప్పుడు ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏం మేయ్, గుర్రానికి జీను కట్టినట్టు కడతాండావు" అంది. జీను సరిగ్గా కూర్చోకపోతే గుర్రానికి పుండు పడుతుందని చెప్పి నిలబెట్టాను.

ముందు నిలబడి చూడండి. కట్టు తనంతట తాను పైకి ఎక్కుతోందంటే కింద తుంటి దగ్గర చాలడం లేదని అర్థం. నడుము బిగువనుకుని నడుము వదులు చేస్తే ఇంకా జారుతుంది. మూడో ముక్క కింద కుట్టు విప్పి కావలసినంత వదలండి. నడుము దగ్గర అడ్డంగా మడతలు పడుతున్నాయంటే ముక్కల మీద పెట్టిన నడుము గీత మీ గీత కంటే పైనో కిందో ఉంది. మడత ఎక్కడ ఉందో చూసి గీత మార్చండి.

తర్వాత కుర్చీలో కూర్చోండి. మిషన్ పని చేసేవాళ్ళు మిషన్ ముందే కూర్చోండి, కాలు పెడల్ మీద పెట్టి. ముందు కింది అంచు తొడకు తగిలితే అక్కడ పావు అంగుళం చొప్పున తగ్గిస్తూ వంపు తిప్పండి. పై అంచు వీపు నుంచి ఎడంగా నిలబడితే వెనక ముక్కకు పైన పావు అంగుళం తీయండి. ఆ తర్వాత కింద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. చాలామంది ఇది చూడడం మరిచిపోతారు. మనం వంట, తిండి, పూజ చాలావరకు నేలమీదే. కుర్చీలో బాగున్న కట్టు నేలమీద గజ్జల దగ్గర కోస్తుంది. ధర్మవరం మగ్గం గుంతలో కూర్చునేవాళ్ళకు కాళ్ళు కిందికి ఉంటాయి, వాళ్ళకు కుర్చీ కొలత సరిపోతుంది. కలుపు తీసేవాళ్ళకు, వేరుశనగ పీకేవాళ్ళకు ముందు ఎత్తు ఎనిమిది అంగుళాలకు మించకుండా ఉంటే మేలు.

చివరగా నిండా ఊపిరి పీల్చండి. పక్కటెముకలు విచ్చుకునే జాగా లేకపోతే పై కొలత పెంచాలి. మార్పులన్నీ పెన్నుతో రఫ్ గుడ్డ మీదే గీసుకుని, కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, ఆ ముక్కలనే నమూనాగా వాడండి.

అసలు కుట్టు

పడుగు పోగు కట్టు చుట్టూ అడ్డంగా పోవాలా, నిలువుగా ఉండాలా అని అడుగుతారు. లాగుడంతా చుట్టూ పడుతుంది కాబట్టి రెండు వైపులా లాగి చూసి తక్కువ సాగేది చుట్టూ వచ్చేలా పెట్టండి. జీన్స్‌లో పడుగు వైపు తక్కువ సాగుతుంది.

సూది 16 నంబరు, మందం ఎక్కువైన చోట 18. కుట్టు అంగుళానికి పది వచ్చేలా పెట్టండి. పైగుడ్డ ముక్కలు నాలుగూ వరుసగా కలిపి, ప్రతి కుట్టూ రెండుసార్లు వేసి, లోపల మిగిలిన అంచుల్ని రెండు పక్కలకూ విప్పి ఇస్త్రీ చేయండి. నాలుగు మడతలు ఒకచోట చేరితే మామూలు ఇంటి మిషన్ ఎక్కదు. జీన్స్ పనిలో మేం చేసేదే చేయండి: ఆ చోట సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే మెత్తబడుతుంది. లోపలి గుడ్డ కూడా ఇలాగే కలపండి. దానికి మంచివైపు కాని వైపున, నడుము గీత వెంట నూలు టేపు పెట్టి పిన్నులు గుచ్చండి. ఆ టేపు లేకపోతే కాలక్రమేణా కుట్ల దగ్గర గుడ్డ చిట్లుతుంది, లాగుడు భారం మోసేది అదే.

పైగుడ్డ, లోపలి గుడ్డ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి ముందు అంచు, వెనక అంచు మాత్రం కుట్టండి, టేపు కొనలు ఆ కుట్లలో పడాలి. వెనక అంచు దగ్గర ఐలెట్లు వచ్చే చోట రెండు అంగుళాల జీన్స్ పట్టీ ఒకటి లోపల అదనంగా పెట్టండి. ఇప్పుడు తిప్పితే పైనా కిందా తెరిచి ఉన్న సంచి అవుతుంది.

బద్దలకు గాళ్ళు ఈ రెండు పొరల మధ్యనే వస్తాయి. ముక్కలు కలిసిన ప్రతి కుట్టు మీదా రెండు పొరలూ పట్టేలా ఒక కుట్టు వేసి, దానికి ఒక సెంటీమీటరు దూరంలో ఇంకో కుట్టు వేయండి. వెనక అంచున వరసగా ఒక గాడి, తర్వాత ఐలెట్లకు ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ, తర్వాత ఇంకో గాడి. ముందు హుక్కుల వరుస పక్కన ఒక గాడి. ఒక పక్కకు ఆరు, మొత్తం పన్నెండు. బద్ద పైగుడ్డకూ టేపుకూ మధ్య పోవాలి, టేపు ఒంటివైపు ఉంటుంది.

కేబుల్ టైలు చుట్టుకుని వస్తాయి. గుడ్డ కింద పెట్టి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే తిన్నగా అవుతాయి. తల కోసేసి, గాడి పొడవు కంటే ముప్పావు అంగుళం తక్కువకు కత్తిరించండి, పైనా కిందా అంచు పట్టీకి జాగా ఉండాలి. కొనల్ని నెయిల్ కట్టర్‌తో గుండ్రంగా తీసి, కొవ్వొత్తి మంటకు ఒక్క క్షణం చూపి, రాతి మీద రుద్దండి. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. వెనక నాలుగు గాళ్ళలో రెండేసి టైలు, పళ్ళు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పెట్టండి. మిగతా చోట్ల ఒక్కొక్కటి, నున్నటి వైపు ఒంటికి. వెనకవి గట్టిగా ఉండాలి, పక్కలవి ఒంటితో పాటు కదలాలి.

ఐలెట్లకు రంధ్రాలు కత్తెరతో కోయవద్దు. దబ్బనం గుచ్చి తిప్పుతూ పోగుల్ని పక్కకు జరిపి రంధ్రం చేయండి, పోగు తెగకపోతే ఐలెట్ ఊడదు. వరసకు పదకొండు, అంగుళానికి ఒకటి చొప్పున. నడుము గీతకు పైనా కిందా ఉన్న రెండింటిని మాత్రం అర అంగుళం దగ్గరకు తెండి. మీ దగ్గర కొట్టే పరికరం లేకపోతే ఫ్లెక్సీ బ్యానర్లు చేసే అంగడికి తీసుకుపోండి, బ్యానర్లకు ఐలెట్లు వేసే ప్రెస్ వాళ్ళ దగ్గర ఉంటుంది.

పై అంచు, కింది అంచు క్రాస్ పట్టీతో మూసేయండి. మిషన్ పాదం కిందికి బద్ద రాకుండా వేలితో లోపలికి నెట్టి పట్టుకోవాలి. సూది ప్లాస్టిక్ బద్ద మీద పడితే విరిగి ముక్క మొహం మీదికి ఎగురుతుంది. హుక్కులు కుడి అంచుకు లోపలివైపు, అంచు నుంచి అర అంగుళం దూరంలో. కడ్డీలు ఎడమవైపు అదనపు పట్టీ మీద, మధ్య గీతకు అర అంగుళం అవతల. రెండు పొరలూ పట్టేలా నాలుగు పేటల దారంతో కుట్టండి.

వెనక ఖాళీ కింద ఐదు అంగుళాల వెడల్పు రెండు పొరల పట్టీ ఒకటి ఒక పక్కకు మాత్రం కుట్టి వదలండి. నాడాలు చర్మాన్ని కోయకుండా అది అడ్డం ఉంటుంది. నడుము ఒంపు లోతుగా ఉన్నవాళ్ళు ఆ పట్టీలోకి పాత యోగా మ్యాట్ ముక్క ఒకటి దూర్చుకోవచ్చు.

కట్టుకోవడం

నాడాను పైనుంచి ఇంటూ గుర్తులాగా దాటిస్తూ దిగండి. నడుము దగ్గరి రెండు ఐలెట్ల మధ్య దాటించకుండా అదే పక్కన కిందికి తెచ్చి, బయట ఒక పెద్ద ఉచ్చు వదలండి. రెండు పక్కలా రెండు ఉచ్చులు. తర్వాత మళ్ళీ దాటిస్తూ అడుగు దాకా పోయి ముడి వేయండి. బిగించాలంటే ఆ ఉచ్చులు లాగితే చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు.

నాడా వదులుగా ఉంచి ముందు హుక్కులు పెట్టుకోండి. కింది అంచును రెండు చేతులతో కిందికి లాగి తుంటి మీద కూర్చోబెట్టి, అప్పుడు ఉచ్చులు లాగి పక్కన ముడి వేయండి. కట్టు కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. విప్పేటప్పుడు ముందు నాడా వదులు చేయాలి. బిగువు మీదే హుక్కులు లాగితే నాలుగు రోజులకే ఊడతాయి.

చీర కింద కట్టుకునేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. లంగా బొందు ముడి కట్టు కింద నలిగి గుచ్చుకుంటుంది. బొందు లంగాకు బదులు వెడల్పాటి నడుము పట్టీ ఉన్న లంగా కట్టుకుని దానిమీద ఇది వేసుకోండి, కుచ్చిళ్ళు లంగాలోనే దోపుకోవచ్చు. మా అత్త మాత్రం చీర మీదే కట్టుకుంటుంది. చేనులో ఎలాగూ నడుముకు తువాలు చుట్టుకునే అలవాటే, దాని బదులు ఇది అంటుంది.

మొదట రోజుకు గంట, రెండు గంటలు చాలు. పని ఉన్నప్పుడే కట్టుకోండి: మిషన్ పని, బిందెలు మోయడం, బస్సులో దూరప్రయాణం. అన్నం తినేటప్పుడు, పడుకునేటప్పుడు తీసేయండి. పొద్దస్తమానం దానిమీదే ఆధారపడితే నడుము కండలకు పని తగ్గిపోతుంది. ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పిన కసరత్తులు మానేసి కట్టు వేసుకుని తిరిగేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. తీసేశాక చర్మం మీద మడతల గుర్తులు అరగంటలో పోవాలి. అంతకంటే ఎక్కువసేపు ఎర్రగా ఉంటే, తొడ పైభాగం మొద్దుబారితే, ఆ చోట వదులు చేయండి.

ఎప్పుడూ పలచని కాటన్ బనియన్ మీదే వేసుకోండి, కట్టును తరచుగా ఉతికే పని తప్పుతుంది. ఉతికినప్పుడు గోరువెచ్చని నీళ్ళలో చేత్తో నొక్కి ఉతకాలి. పిండకూడదు, వాషింగ్ మెషిన్‌లో వేయకూడదు. నీడన పరిచి ఆరేయండి. రోజూ కట్టుకునేవాళ్ళు రెండు కుట్టుకుంటే మార్చి మార్చి వాడుకోవచ్చు.

ఒళ్ళు తగ్గి వెనక అంచులు రెండూ కలిసిపోతున్నాయంటే కట్టు పెద్దదైపోయినట్టే. రెండు, మూడు ముక్కల మధ్య కుట్టును లోపలికి తీసుకుంటే కొన్నాళ్ళు నడుస్తుంది. ముందుగా గుడ్డ చిరిగేది పక్క బద్దల కొనల దగ్గర. అక్కడ చిల్లు కనిపించగానే అంచు పట్టీ విప్పి, బద్ద తీసి, జీన్స్ ముక్క అతికి మళ్ళీ మూయండి. గుడ్డంతా పాడైతే హుక్కులు, బద్దలు విప్పి దాచుకోండి, కొత్తదానికి మళ్ళీ పనికొస్తాయి. ఐలెట్లు మాత్రం తిరిగి వాడలేం.